ఫోటోలో ఏడో మనిషి

గాజువాకలో వీరేంద్ర స్టూడియోకి పెళ్లిళ్ల సీజను అయిపోయాక వచ్చే బేరాల్లో సగం చనిపోయినవాళ్లవే. తండ్రిది ఒక ఫోటో, తల్లిది ఒక ఫోటో తెచ్చి, ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టమనేవారు. పురిట్లోనే పోయిన తల్లి ఒళ్లో ఇప్పుడు పదో తరగతి చదువుతున్న కూతుర్ని కూర్చోబెట్టమని ఒకాయన అడిగాడు. ఫోటోలు తీసేది వీరేంద్ర. ఇలా కలిపేది అతని భార్య అనూరాధ.

అనూరాధది చోడవరం దగ్గర పల్లె. డిగ్రీ మధ్యలో పెళ్లయి ఈ ఊరొచ్చింది. స్టూడియోకి కంప్యూటరు కొన్నాక వీరేంద్రకి ఆ మౌసు చేతికి పట్టుబడలేదు. ఆమెకి పట్టుబడింది. ఫోటోషాప్‌లో మనిషి అంచు వెంట మెల్లగా గీత గీసుకుంటూ పోయి, వెనకున్న గోడనీ చెట్టునీ వదిలేసి, ఆ మనిషినొక్కణ్ణే ఎత్తి ఇంకోచోట నిలబెట్టడం ఆమెకి పిండి కలిపినంత తేలికైపోయింది. ఫోటో చేతికిచ్చినప్పుడు వాళ్లు ఏడ్చారంటే పని కుదిరినట్టు.

సూర్యకళ వచ్చింది 2003 ఎండాకాలంలో. మల్కాపురం నుంచి ఆటోలు మారి వచ్చిందేమో, మొహమంతా చెమట. ముప్పై ఏళ్లు కూడా ఉండవు. నుదుట బొట్టు లేదు. కొంగున ముడేసుకున్న రెండు ఫోటోలు తీసి బల్ల మీద పెట్టింది.

"ఇందులోంచి మాయాయన్ని తీసి, ఇందులో ఎట్టాల," అంది.

మొదటిది సింహాచలం కొండ మెట్ల మీద తీసినది. తెల్ల చొక్కా మనిషి, అతని వేలు పట్టుకుని నాలుగేళ్ల పాప. రెండోదాంట్లో ఆరుగురు కూలీలు. సగం కప్పు వేసిన షెడ్డు ముందు, సాయంత్రం పని దిగాక కాబోలు, భుజాల మీద చేతులేసుకుని నవ్వుతూ నిలబడ్డారు. వెనక ఇనప దూలాలు, వాటి మీద కొత్తగా పరిచిన రేకులు కనిపిస్తున్నాయి.

"గోడకి తగిలించుకోడానికైతే ఒక్కడిదే పెద్దది చేసిస్తానమ్మా. ఇంతమందిలో ఎందుకు?" అంది అనూరాధ.

"గోడక్కాదు. లేబరాపీసులో సూపించాల."

అనూరాధ ఆమెను కూర్చోమంది. మంచినీళ్లిచ్చింది. అప్పుడు సూర్యకళ చెప్పింది.

భర్త పేరు జగ్గారావు. వాళ్లవాళ్లందరూ చేపల వేటకి పోయేవాళ్లే గానీ అతనికి సముద్రం పడలేదు. చలమయ్య అనే కాంట్రాక్టరు దగ్గర కూలీగా చేరాడు. ఆటోనగర్ అవతల ఒక ప్రైవేటు రోలింగు మిల్లులో షెడ్డుకి పాత రేకులు తీసి కొత్తవి వేసే పని వాళ్ల ముఠాది. మిల్లుకి సెలవైన రోజున కూడా చలమయ్య వాళ్లని పనికి పిలిచాడు. పాత రేకు మీద కాలు వేస్తే అది విరిగింది. జగ్గారావు కిందున్న సిమెంటు గచ్చు మీద పడ్డాడు. నడుముకి తాడు లేదు.

పోలీసులు వచ్చేసరికి శవం షెడ్డులో లేదు. మిల్లు వెనక ప్రహరీ గోడ పక్కన, ముళ్లకంపలో ఉంది. శవం పక్కన రాగి తీగ చుట్ట ఒకటి ఉంది. సెలవు రోజు చూసి గోడ దూకి దొంగతనానికి వచ్చాడని, మళ్లీ దూకబోతూ పడి చచ్చాడని రాసుకున్నారు. ఆ పేరుగలవాడెవడూ తన దగ్గర పని చెయ్యలేదన్నాడు చలమయ్య. నిజమే, జగ్గారావు పేరు ఎక్కడా రాసి లేదు. ముఠాలో ఎవరి పేరూ రాసి లేదు.

"ఆల్లిచ్చీ డబ్బులు నాకొద్దప్పా," అంది సూర్యకళ. "మా పాపని ఈదిలో పిల్లగుంటలు దొంగకూతురా అని పిలుత్తన్నారు. మాయాయన పని సేత్తా సచ్చిపోనాడని ఆపీసరు ఒక్క కాయితం రాసిత్తే సాలు."

అప్పా అన్న పిలుపు దగ్గర అనూరాధ మనసు ఆగింది. పల్లెలో ఆమె చెల్లెలు అలాగే పిలిచేది. ఈ ఊళ్లో అందరూ మేడమ్ అనేవారు.

"ఈ ఆరుగురూ ఎవరు?"

"ఆయనతోటి పనిసేసినోల్లే. ఈ ఫోటో తీసింది మాయాయనే. ఓడ దిగినోడెవడో అమ్మితే పాత కెమేరా ఒకటి కొన్నాడు. ఎక్కడికెల్లినా అది బుజానేసుకునీవోడు. ఊరందర్నీ తీసీవోడు. ఆయన్ని తీసినోడెవుడూ నేడు. ఇదొక్కటీ సింహాచలంలో మా మరిది తీసేడు." ఆరుగురి ఫోటో ముందుకి జరిపి అంది, "ఆయనే తీసేడని సెప్తే ఆ చలమయ్య నవ్వుతన్నాడప్పా. ఆడే తీసేడని ఏటి రుజువు అంటన్నాడు."

మిగిలినవాళ్లకి కూడా ఈ ఫోటో ఉందా అని అనూరాధ అడిగింది. అందరికీ తలా ఒకటి జగ్గారావే కడిగించి ఇచ్చాడట.

"మరి వాళ్లు బయటపెడితే?"

"ఆల్లు అలాటోల్లు కాదు. బయపడి సాచ్చికానికి రాకపోనా, ఇలాటి పనికి ఒప్పుకోరు. ఒక్క క్యారేజీలో తిన్నోల్లు. ఆల్లలో పెద్దాయన గురువులు మావయ్యయితే సాచ్చికం కూడా సెప్తానన్నాడు."

వీరేంద్ర మొత్తం విన్నాడు. సూర్యకళ బయటికి వెళ్లాక కౌంటరు దగ్గరికి వచ్చాడు.

"ఆఫీసులకీ కోర్టులకీ పోయే ఫోటోలు మనం ముట్టుకోవద్దు," అన్నాడు.

"అతను నిజంగా అక్కడ పనిచేశాడు. ఉన్నవాణ్ణే పెడుతున్నాం. లేనివాణ్ణి కాదు."

"అది ఆమె చెప్పిన మాట."

"అబద్ధంలా ఉందా నీకు?"

పాస్‌పోర్టు ఫోటోకి ఎవరో వస్తే వీరేంద్ర లోపలికి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్నే అనూరాధ ఆ పని మొదలుపెట్టింది. రెండు ఫోటోలూ స్కాన్ చేసి తెర మీద పక్కపక్కన పెట్టుకుంది. జగ్గారావు చుట్టూ గీత గీసుకుంటూ వచ్చి, అతని చేతి దగ్గర ఆగింది. పాప పిడికిట్లో అతని చూపుడువేలు ఉంది. పాప చేతిని తుడిచేసి ఆ వేలిని కొత్తగా తయారుచెయ్యాలి. మరో వేలి నుంచి చర్మం తెచ్చి అతికింది. అది కుదరడానికి చాలాసేపు పట్టింది. తెల్ల చొక్కాని మాసిన నీలం రంగులోకి మార్చింది. సింహాచలంలో ఎండ ఎడమ వైపు నుంచి పడుతోంది. మిల్లులో కెమేరా వెనక, కుడి వైపు నుంచి. మనిషిని అద్దంలోలా తిప్పేసరికి ఎండ సరిపోయింది గానీ చొక్కా జేబు అటు వైపుకి పోయింది. దాన్ని మళ్లీ ఇటు తెచ్చింది. చివరనున్న మనిషి భుజం వెనక అతన్ని సగం కనపడేలా నిలబెట్టి, కాళ్ల దగ్గర నేల మీదికి నీడ వేసింది.

ఫోటో కింది భాగంలో, మట్టి మీద, పొడుగ్గా ఇంకో నీడ పడి ఉంది. ఫోటో తీసినవాడిది. స్టూడియో పనికి అలవాటుపడిన కంటికి అలాంటివి తప్పులే. ఎవరైనా ఇంట్లో తీసిన ఫోటోలు తెస్తే ముందు ఆ నీడలే తుడిచేది. ఇక్కడ కూడా చెయ్యి దానంతటదే పోయింది. కింద ఒక వేలెడు కత్తిరించేసి, మిగిలిన మరకని మట్టితో కప్పేసింది. ఆ విషయం సూర్యకళకి చెప్పాలని కూడా ఆమెకి తోచలేదు.

ప్రింటు వచ్చాక దాన్ని డాబా మీద ఎండలో పడేసి, మూలలు కొంచెం నలిపింది. సూర్యకళ దాన్ని చేతిలోకి తీసుకుని చూస్తూ కూర్చుంది. ఏడవలేదు.

"ఇలాగే ఉండీవోడు," అంది. ఫోటోని కొంగున ముడేసుకుంటూ, "విచారణ రోజున నువ్వూ రాప్పా. నాకు ఆపీసుల సంగతి తెల్దు," అంది.

లేబరాఫీసులో గది ఇరుకు. ఒక బల్ల, దాని వెనక అధికారి, ముందు రెండు బెంచీలు. అధికారి తొందరపడే మనిషిలా లేడు. ఎవరు మాట్లాడుతున్నా మధ్యలో అడ్డు రాకుండా వింటున్నాడు. ఒక బెంచీ మీద చలమయ్య, అతని గుమాస్తా. ఇంకో బెంచీ మీద సూర్యకళ, గురువులు. అనూరాధ వెనక కిటికీ దగ్గర స్టూలు మీద కూర్చుంది.

గురువులు యాభై దాటిన మనిషి. చొక్కా పైగుండీ దాకా పెట్టుకుని వచ్చాడు. అధికారి అడిగితే లేచి నిలబడ్డాడు.

"ఆడు పైన రేకులు పరిసీవోడండి. నాను కింద రేకులు లాగీ తాడు పట్టీవోణ్ణి. ఆ రోజు పాత రేకు మీద అడుగెయ్యొద్దురా అని అరిసేను. ఇనపళ్లేదు ఆడికి. నా ముందరే పడ్డాడండి."

"పడ్డాక?"

"మంచినీల్లు అడిగాడండి. తెచ్చీలోగా పోనాడు." గురువులు అధికారి రాసేదాకా ఆగాడు. "ఆ తరవాత మమ్మల్ని గేటు బయటికి పంపీసి తలుపులేసీసారు. శవాన్ని ఎవులు మోసారో నాను సూళ్లేదు. సూడంది సెప్పను."

అధికారి రాయడం ఆపి చలమయ్య వైపు చూశాడు. చలమయ్య జేబురుమాలుతో మెడ తుడుచుకున్నాడు. మిగతా కూలీల్ని కూడా పిలిపిస్తానని అధికారి అన్నాడు. వాళ్లలో ఒక్కడు ఇదే మాట చెప్పినా కాంట్రాక్టరు జవాబు చెప్పుకోవాల్సి ఉంటుందన్నాడు.

ఆ మాటకి సూర్యకళకి ధైర్యం వచ్చింది. కొంగు ముడి విప్పింది.

"ఒకరేటి బాబూ, అందరూ ఉన్నారిందులో. ఇదిగో మాయాయన," అంటూ ఫోటో బల్ల మీద పెట్టింది.

అధికారి దాన్ని వెలుతురుకి పట్టి చూశాడు. గురువులు కూడా మెడ చాచి చూసి, అలాగే ఉండిపోయాడు. అతను బిగుసుకుపోవడం అనూరాధ వెనక నుంచి కూడా పోల్చుకుంది. ఫోటో మార్చిన సంగతి అతనికి ముందుగా ఎవరూ చెప్పలేదు.

చలమయ్య గుమాస్తా సంచీలోంచి ఒక కవరు తీసి అందించాడు.

"ఇదే ఫోటో మా దగ్గర కూడా ఉందండి," అన్నాడు చలమయ్య. "ఈవిడ ఫోటో పట్టుకుని తిరుగుతోందని తెలిసి, మా నూకాలుని అడిగి తీసుకున్నాను. వాడూ ఇందులో ఉన్నాడు. చూసుకోండి."

నూకాలు ఆ ఆరుగురిలో ఒకడు. చలమయ్య అతన్ని ఈమధ్యే మేస్త్రీని చేశాడు.

అధికారి రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టాడు. ఫ్యాను గాలికి లేచిపోకుండా ఒకదాని మీద పేపర్ వెయిట్, ఇంకోదాని మీద తన కళ్లజోడు డబ్బా ఉంచాడు. అటూ ఇటూ చూశాడు.

"ఈ ఏడోవాడు ఎక్కణ్ణుంచి వచ్చాడమ్మా?" అన్నాడు. గొంతులో కోపం లేదు.

సూర్యకళ బల్ల మీదికి వంగింది. ఇంతకాలం ఆ ఫోటోలో ఆరుగురి మొహాలూ చూసింది గానీ కింద నేల మీదికి ఎప్పుడూ ఆమె చూపు పోలేదు. ఇప్పుడు పోయింది. చలమయ్య తెచ్చిన ఫోటో మీద వేలు పెట్టింది.

"ఇదుగో. ఇది మాయాయనే బాబూ. ఈ నీడ. తలకి తువ్వాలు సుట్టుకుని, మోసేతులు రెండూ ఇలాగ ఎడంగా పెట్టి... కెమేరా అలాగే పట్టీవోడు."

"మరి నువ్విచ్చినదాంట్లో ఆ నీడ లేదు కదమ్మా."

సూర్యకళ తన ఫోటో కింది అంచు వైపు చూసింది. అక్కడ వట్టి మట్టి ఉంది. ఆమె తల తిప్పి అనూరాధ కోసం చూసింది. నిష్ఠూరంగా కాదు, ఏదో అర్థంగాక అడుగుతున్నట్టు చూసింది. ఆ చూపు అనూరాధ పడలేకపోయింది. లేచి నిలబడింది.

"నేను చేశాను సార్. స్టూడియో మాదే. ఈమె నా దగ్గరికి తెచ్చింది ఆ నీడున్న ఫోటోయే. నీడని నేనే తీసేశాను. అది ఫోటో తీసినవాడి నీడ. ఫోటో తీసింది జగ్గారావు. అతను అక్కడే ఉన్నాడు సార్."

"మీరు అక్కడ ఉన్నారా?"

"లేను."

"లేని మనిషిని ఉన్నట్టు చూపించారు. ఉన్న నీడని లేనట్టు చూపించారు. ఇప్పుడు ఏది నిజమో మళ్లీ మీరే చెబుతున్నారు," అన్నాడు అధికారి. "నేను ఏది పట్టుకుని నమ్మాలమ్మా?"

అధికారి గురువులు వైపు తిరిగాడు.

"నిన్ను సాక్ష్యానికి తెచ్చింది కూడా ఈమేనా?"

"అవునండి. గానీ నాను సెప్పింది..."

అధికారి చెయ్యెత్తి ఆపాడు. కలం మూత పెట్టేశాడు. కేసు నిలవదని, మిగతా కూలీల్ని పిలిచి ప్రయోజనం లేదని, పోలీసులు రాసినదాన్ని కాదనడానికి తన దగ్గర ఏమీ మిగల్లేదని చెప్పాడు. దొంగ ఫోటో పెట్టినందుకు తాను ఫిర్యాదు చెయ్యొచ్చని, పిల్ల ఉందంటున్నారు కాబట్టి చెయ్యడం లేదని అన్నాడు. సూర్యకళ ఫోటోని ఫైలులోనే ఉంచుకున్నాడు. చలమయ్య లేచి ఆయనకి దండం పెట్టాడు.

బయట మెట్ల దగ్గర గురువులు నిలబడి ఉన్నాడు. పైగుండీ విప్పుకున్నాడు. సూర్యకళ అతని పక్కనుంచే తల దించుకుని వెళ్లి, గేటు దగ్గర చెట్టుకింద కూలబడింది. అనూరాధ అతని ముందు ఆగింది.

"నా మాట రాసుకుంటన్నాడమ్మా," అన్నాడు గురువులు. "నాను సెప్తంటే రాసుకుంటన్నాడు. నమ్మేడు. ఆ ఫోటో సంగతి నాకొక్క ముక్క సెప్పుంటే వద్దందును."

"మావయ్యా, నాకు తెలీలేదు."

"సూర్యకళ మీద నాకు కోపం నేదు. అది పిచ్చిది, మొగుడు పోనోల్లు ఏటైనా సేత్తారు. నువ్వు సదువుకున్నదానివి." ఒక మెట్టు దిగాడు. "నాను దొంగసాచ్చికం సెప్పేనని రేపు ఊరంతా అంటారు. ఆడు అడిగిన నీల్లు నా సేతుల్లోనే ఉన్నాయమ్మా. అది దొంగసాచ్చికమా?"

సమాధానం కోసం ఆగలేదు. రోడ్డు దాటి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత ఏ కాంట్రాక్టరూ గురువుల్ని పనిలోకి పిలవలేదు. చలమయ్య చెప్పించాడో, వాళ్లకి వాళ్లే భయపడ్డారో తెలీదు. వానలు పడేలోగా భార్యని తీసుకుని ఒరిస్సాలోని పారాదీప్ వెళ్లిపోయాడని, అక్కడ పడవల రేవులో మంచుగడ్డలు మోస్తున్నాడని తెలిసింది.

వీరేంద్ర ఇంట్లో ఆ ఊసెత్తలేదు. స్టూడియోకి బేరాలు ఎప్పటిలాగే వచ్చాయి. తల్లిదండ్రుల ఫోటోలు తెచ్చేవారు, కలపమనేవారు. అనూరాధ కలిపేది. కానీ ఫోటో అందుకుని వాళ్లు కళ్లు తుడుచుకుంటుంటే అక్కడ నిలబడలేక లోపలి గదిలోకి పోయేది. ఒకసారి ఒక ముసలావిడ, "మాయమ్మే, ఎంత బాగా కలిపేవు," అని చెయ్యి పట్టుకోబోతే వెనక్కి లాక్కుంది. ముసలావిడ చిన్నబుచ్చుకుంది.

అలాగని అనూరాధ ఊరుకోలేదు. డాబాగార్డెన్స్‌లో ఒక వకీలు దగ్గరికి వెళ్లింది. జరిగిందంతా దాచకుండా చెప్పింది. పైవాళ్లకి అప్పీలు చేసుకోవచ్చని, గురువుల్ని వెనక్కి పిలిపించి, ఆ ముఠాలో ఇంకొక్కణ్ణి ఒప్పించగలిగితే ఆశ ఉందని వకీలు అన్నాడు. ఆ మాట పట్టుకుని అనూరాధ మల్కాపురం వెళ్లింది.

రిఫైనరీ వాసన సందు దాకా వస్తోంది. పక్కపక్కనే ఆనుకున్న రేకుల ఇళ్లు. సూర్యకళ గుమ్మంలో కూర్చుని చేతులకి కొబ్బరినూనె రాసుకుంటోంది. రొయ్యలు వలిచే పనిలో చేరిందట. ఐసు నీళ్లలో నాని వేళ్ల చివర్లు పగిలాయి. అనూరాధని చూసి లేచింది. లోపలికి రమ్మంది. చాప వేసింది. ఎదురింటి ఆడవాళ్లు ఇద్దరు బయటికొచ్చి నిలబడ్డారు.

అనూరాధ వకీలు మాటలు చెప్పింది. సూర్యకళ ఆఖరి దాకా విన్నది.

"ఇంకేటీ సెయ్యలేమప్పా," అంది. "చలమయ్య మనుసులు వచ్చేరు. ఆపీసరు వదిలీసినా మేం వదలం, దొంగ ఫోటో కింద కేసెడతాం అన్నారు. నీ పేరూ సెప్పేరు. మీ స్టూడియో పేరూ సెప్పేరు. కేసు వద్దంటే సంతకం ఎట్టమన్నారు."

"దేని మీద?"

"మాయాయన దొంగతనానికే ఎల్లేడని. ఇంక నానెక్కడా అడగనని." నూనె సీసాకి మూత పెట్టింది. "సదివి ఇనిపించమన్నాను. సదివేరు. ఇన్నాను. ఎట్టీసేను."

అనూరాధ కళ్లలో నీళ్లు తిరిగాయి. సూర్యకళ తల అడ్డంగా ఊపింది.

"నువ్వు ఏడవకప్పా. నానడిగేను, నువ్వు సేసేవు. ఆ రోజు నువ్వు లేసి నిలబడ్డావు. లెగాల్సినోల్లు ఐదుగురు ఇంటికాడే కూకున్నారు." గుమ్మంలోంచి ఎదురింటి వైపు చూసింది. వాళ్లిద్దరూ ఇప్పుడు నలుగురయ్యారు. "గానీ నువ్వొత్తే అందరూ ఇలా బయటికొత్తారు. దొంగ ఫోటో సేసింది ఈవిడే అని సెప్పుకుంటారు. మా పాపని ఆ మాట అనడం ఇప్పుడిప్పుడే తగ్గుతన్నాది. ఇంక రాకప్పా."

అనూరాధ చెప్పులు వేసుకుంది. సూర్యకళ గుమ్మం దాకా వచ్చి, ఆమె మెట్టు దిగగానే తలుపు దగ్గరికి వేసింది. సందులో నలుగురూ పక్కకి జరిగి దారిచ్చారు. గాజువాక బస్సు వచ్చేదాకా అనూరాధ ఎండలోనే నిలబడింది.